పాస్ ఉంది కదా అని కూర్చోకు

హనుమకొండ

కొడుకా,

నీ సీజన్ టికెట్ గోస మీ పెద్దమ్మ చెప్పింది. భువనగిరి పోయే రైలు రద్దయితే తర్వాతి దాని కోసం చర్లపల్లి ప్లాట్‌ఫాం మీదే గంటలు గంటలు కూర్చుని, ఆఫీసుకు ఒక పూట లీవు పెడుతున్నావట. రైలు రద్దు కావడం నీ చేతిలో లేదు. ఆ కూర్చోవడం మాత్రం నీ చేతిలోదే. పాస్‌కు డబ్బు కట్టాను కదా, మళ్లీ బస్సుకెందుకు పెట్టాలని నీ లెక్క. ఆ లెక్క తప్పు కొడుకా.

నెల పాస్ ధరను రైల్వే దాదాపు 15 సింగిల్ ప్రయాణాల కింద కడుతుంది. అంటే రానూపోనూ ఎనిమిది రోజులు తిరిగేసరికి నీ పైసలు తీరిపోయినట్టే, ఆ తర్వాత ఎక్కిందంతా లాభమే. నెలలో నాలుగు రోజులు బస్సెక్కినా నువ్వు నష్టపోవు. ఒక పూట జీతం పోతే మాత్రం పాస్ మిగిల్చిందంతా దానికే సరి. మామూలు టికెట్టయితే రద్దయిన రైలుకు డబ్బు వాపసిస్తారు, సీజన్ టికెట్‌కు రోజు లెక్కన వాపసు రాదు. కరోనాకు 2020 మార్చిలో ఆగిన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు 2021 జూన్‌లో మళ్లీ కదిలినప్పుడు వాడుకోని రోజులు కలిపిచ్చారు గానీ, అది అంత పెద్ద విపత్తుకు దక్కిన వెసులుబాటు. లైన్ పనుల కోసం ఆపిన రైలుకు దాన్ని ఆశించకు.

మన అదృష్టమేమంటే ఈ దారిలో పట్టాలూ వరంగల్ రోడ్డూ ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయి. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ, ఎక్కడ రైలు ఆగిపోయినా రోడ్డు మరీ దూరం కాదు. నాచారంలో ఇంటి దగ్గర ఉన్నప్పుడే రద్దు సంగతి తెలిస్తే చర్లపల్లి దాకా పోనే వద్దు. ఇండస్ట్రియల్ ఏరియా మీదుగా ఉప్పల్ రింగ్‌రోడ్డుకు పో, వరంగల్, యాదగిరిగుట్ట బస్సులు అక్కడ దొరుకుతాయి. కొన్ని భువనగిరి ఊళ్లోకి రాకుండా బైపాస్ పట్టుకుంటాయి, ఎక్కేముందు కండక్టర్‌ను అడుగు. ఆడపిల్లలకైతే 2023 డిసెంబర్ 9 నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా టికెట్ డబ్బుల్లేవు. మనకా భాగ్యం లేదు, జేబులో బస్సు కిరాయి పెట్టుకో. అన్నట్టు, రైలు యాప్‌లో ఉప్పల్ అని కొడితే వచ్చే రైల్వే స్టేషన్ మీది కాదు, అది జమ్మికుంట దగ్గరి ఉప్పల్. మీ దిక్కు ఉప్పల్‌లో ఉన్నది మెట్రో స్టేషన్ ఒక్కటే.

రాత్రి పడుకునే ముందు ఎన్టీఈఎస్ యాప్‌లో రద్దయిన రైళ్ల జాబితా చూడు, లేదా 139కి ఫోన్ చెయ్. సాయంత్రం తిరుగు రైలు విషయంలో ఇంకొకటి చూసుకోవాలి, అది ఎక్కడ బయల్దేరి వస్తుందో. 2024 సెప్టెంబర్ 1న విజయవాడ దారిలో కేసముద్రం దగ్గర వరదకు పట్టాల కింది కట్ట కొట్టుకుపోతే వందల రైళ్లు ఆగిపోయాయి. భువనగిరి దగ్గర లైన్ బాగానే ఉన్నా, విజయవాడ నుంచి రావాల్సిన బండి రాకపోతే నీకేం లాభం? అలాంటప్పుడు కాజీపేటలో బయల్దేరే బండి ఏదైనా ఉందేమో వెతుక్కో. పాక్షికంగా రద్దు అని కనిపిస్తే ఏ స్టేషన్ దాకా నడుస్తుందో కూడా చూడు. అంత మాత్రం వస్తే చాలేమో.

తొందరలో సూపర్‌ఫాస్ట్ ఎక్కుతావేమో జాగ్రత్త. సర్‌చార్జి కట్టని పాస్ దాంట్లో చెల్లదు. రిజర్వేషన్ బోగీ సంగతి చెప్పనే అక్కర్లేదు, టీటీఈ పట్టుకుంటే బస్సెక్కక మిగిల్చుకున్నదంతా జరిమానాకు పోతుంది.

మూడు నెలల పాస్ తీసుకుంటానన్నావట. దాని ధర నెల పాస్‌కు 2.7 రెట్లు, మిగిలేది పది శాతమే. లైన్ పనులున్నాయని పేపర్లో వస్తూనే ఉంటే నెల నెలా తీసుకో. గడువుకు పది రోజుల ముందే రెన్యువల్ చేసుకోవచ్చు, చివరి రోజు క్యూలో నిలబడకు.

మీ అమ్మానాన్నలను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దబాపు