అరచేతి తెర – పసిమనసు గాయము

లింగపూజా సమయమున భక్తుడు ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచుకొని రెప్పవాల్పక చూచును. చూపు నిలిచినచోట మనస్సును నిలుచునని పెద్దల యనుభవము. నేటి బాలురు అదే అరచేత సెల్‌ఫోను నుంచుకొని అంతకంటె నిశ్చలముగా చూచుచున్నారని సభలలో చెప్పుట పరిపాటి యైనది. వినువారు నవ్వుదురు, ఇంటికి పోయి బాలుని చేతినుండి ఫోను లాగుకొందురు. వారము తిరుగకముందే వాడు స్నేహితుని యింట చేరి అదే ఆట ఆడుచుండును. వాడు ఏమి చూచుచున్నాడని అడుగువారు పెక్కుమంది. దేనిని చూడలేక అటు తిరిగినాడని అడుగువారు అరుదు.

1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా అను వైద్యులు సహచరులతో కలిసి ఒక పరిశోధనను ప్రకటించిరి. తొమ్మిదివేలకు పైబడిన వయోజనులను వారి బాల్యమును గూర్చి ప్రశ్నించిరి. దెబ్బలు, అవమానకరమైన తిట్లు, లైంగిక హింస, తల్లిని కొట్టుచుండగా చూచుట, ఇంటిలో మద్యపానాసక్తుడో మనోవ్యాధి పీడితుడో కారాగారమునకు పోయినవాడో ఉండుట – ఇట్టివి బాల్యమున ఎంత అధికమో, పెద్దయిన పిమ్మట త్రాగుడు, ధూమపానము, మనస్సు క్రుంగుట, గుండెజబ్బు అంత అధికముగా కనబడెను. ఆ దేశముననే 2016లో ఆరంభమై, 9, 10 ఏండ్ల పిల్లలను దాదాపు 12,000 మందిని చేర్చుకొన్న మరియొక అధ్యయనమున, ఇట్టి కష్టములు ఎక్కువగా చూచిన పిల్లలలో వీడియో ఆటలను, ఫోనును విడువలేని స్థితి ఎక్కువగా నున్నట్లు తెలిసినది. ఇది రెంటికిగల సంబంధమును చూపునే గాని ఒకటి రెండవదానికి కారణమని తేల్చదు. అయినను ఇంటి పెద్దలు ఆలోచింపవలసిన మాటయే.

గంటలు లెక్కించుట ఒక్కటే చాలదు. ఆటపై అదుపు తప్పుట, తిండి, చదువు, చెలిమి అన్నిటికంటె అదే మిన్న యగుట, కీడు కలుగుచున్నదని తెలిసియు మానలేకుండుట – ఇవి జబ్బు లక్షణములని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంగీకరించిన వ్యాధుల పట్టిక చెప్పుచున్నది.

సొన్నలిగె సిద్ధరాముని బాల్యకథ ఇచ్చట తలపునకు వచ్చును. రాఘవాంకుడు కన్నడమున దీనిని కావ్యముగా రచించెను. ఆ బాలుడు మాటలాడడు. మందబుద్ధి యని లోకులు తలచిరి. పశువులను మేపుటకు పంపిరి. అడవిలో మల్లయ్య యను జంగముడు వచ్చెను. ఆయన బాలునికి బోధ చేయలేదు, ఏల మాటలాడవని గద్దింపలేదు. ఆకలిగొంటిని, తినుటకు పెట్టుమని యడిగెను. ఎందుకును కొరగాడనిపించుకొన్నవాడు ఇంటికి పరుగెత్తి పెరుగన్నము తెచ్చెను. తిరిగి వచ్చుసరికి మల్లయ్య లేడు. ఆయనను వెదకుచు యాత్రికుల వెంట శ్రీశైలము చేరెను. వారు చూపిన లింగమును చూచి, తన మల్లయ్య ఈయన కాడని యేడ్చెను. కొండకొమ్ము చేరిన ఆ బాలుని చేయి పట్టుకొన్నవాడు మల్లికార్జునుడే.

ఒక బాలునికి కావలసిన దేమో ఈ కథలో కలదు. తన్ను ఒకరు అడుగవలెను. తనవలన ఒకరికి పని యుండవలెను. రాత్రి దుప్పటి క్రింద ఆడు ఆటలో ఆ బాలుడు వీరుడు. తోడి ఆటగాండ్రు వానిని పేరుపెట్టి పిలుతురు, వాడు రాకున్న ఆట సాగదు. తండ్రి త్రాగివచ్చి తల్లిపై చేయిచేసికొను ఇంటిలో వానికి అట్టి చోటు లేదు. అట్టి యింట ఫోనును మాత్రము లాగుకొన్నచో బాలునికి మిగులునది ఆ కేకలే.

కావున మఠములు దాసోహమున పిల్లలకు నిజమైన పని నీయవలెను. నీరు తెచ్చుట, పంక్తిలో వడ్డించుట, వృద్ధులకు చేయూత నిచ్చుట – చూచి మెచ్చుకొనుటకు గాదు, వారు లేక పని జరుగని రీతిగా. ఇంటింటికి భిక్షకు వచ్చు జంగమమూర్తులు పెద్దల క్షేమముతోబాటు బాలుని పేరుతో పలుకరింపవచ్చును. సాయంకాల పూజవేళ ఫోనులు ప్రక్కన బెట్టు నియమము ముందు తండ్రితో మొదలు కావలెను. పూజామధ్యమున పెద్దల జేబులలో ఫోనులు మ్రోగుట క్రొత్త కాదు.

మఠము మాటతో తీరని గాయములును కలవు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2014 నుండి ఇట్టి వ్యసనములకు ప్రత్యేక వైద్యశాల నడచుచున్నది. 2022లో భారత ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా మాటలాడవచ్చును. బిడ్డపై ఇంటిలోనే హింస జరుగుచున్నచో పరువుకై దాచక 1098కి తెలుపవలెను. ఈ రెండు సంఖ్యలు మఠముల ప్రకటన ఫలకములపై పూజావేళల క్రిందనే వ్రాయింపదగినవి.