గగనయాన భయం

పాఠ్యభాగ పరిచయం

భయం ప్రాణికోటికి సహజమైన గుణం. ఆపద నుండి కాపాడేది అదే. అయితే ఆ భయమే చేయవలసిన పనికి అడ్డుగా నిలిచినప్పుడు దాని స్వభావాన్ని తెలిసికొని అధిగమించవలసి ఉంటుంది. ఉన్నత విద్యకు, ఉద్యోగానికి దూరదేశాలకు వెళ్ళే యువతీయువకులకు, వారిని చూడబోయే తల్లిదండ్రులకు విమాన ప్రయాణం నేడు తప్పనిసరి అయింది. ఆ ప్రయాణానికి ముందు కలిగే భయాన్ని గురించి, దానిని ఎదుర్కొనే మార్గాలను గురించి ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠ్యభాగం

ఆకాశంలో విహరించాలన్న కోరిక మానవునికి ఈనాటిది కాదు. రామాయణంలోని పుష్పక విమానం ఆ కోరికకు కావ్యరూపం. 1903 డిసెంబరు 17న అమెరికాలో రైట్ సోదరులు ఆ కలను నిజం చేశారు. వారి తొలి ప్రయాణం సాగినది కేవలం 12 సెకన్లు. దాటిన దూరం 120 అడుగులు. మన దేశంలో 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి టపా సంచులతో విమానం నడిపి పౌర విమానయానానికి బాట వేశారు. హైదరాబాదు నుండి ఢిల్లీకి రైలులో ఒక పగలు, ఒక రాత్రి పట్టే దూరాన్ని నేడు విమానం రెండు గంటలకు కొంచెం మించిన కాలంలో దాటుతున్నది. దూరాలు తగ్గాయి. కాని మనసులోని భయం మాత్రం అంత త్వరగా తగ్గలేదు.

విమానం ఎక్కవలసి ఉన్నదని తెలిసిన నాటి నుండే కొందరికి నిద్ర పట్టదు. ఆకలి మందగిస్తుంది. అరచేతులు చెమర్చుతాయి, గుండె దడదడలాడుతుంది. విమానంలో కూర్చున్నప్పటి కంటె ప్రయాణానికి ముందు దినాలలోనే ఈ బాధ ఎక్కువగా ఉండటం చాలామందిలో కనిపించే విశేషం. ఇది పిరికివారికి మాత్రమే కలుగుతుందనుకోవడం పొరపాటు. గ్రహాంతర యాత్రలను గురించి అద్భుతమైన కథలు రచించిన ఐజాక్ అసిమోవ్ విమానం ఎక్కడానికి జంకి, రైళ్ళలోను, ఓడలలోను ప్రయాణించేవారు. ఊహలో నక్షత్ర మండలాలను చుట్టివచ్చిన మేధావికే ఈ భయం తప్పలేదంటే సామాన్యులకు కలగడంలో ఆశ్చర్యం లేదు.

ఈ సందర్భంలో మా మేనత్తగారి అనుభవం చెప్పుకోదగినది. ఆమెది కృష్ణాతీరంలోని ఒక పల్లె. వంతెన లేని రోజులలో నిండు వరదలో సైతం పడవ మీద ఏరు దాటి పొలానికి వెళ్ళివచ్చిన ధైర్యశాలి. ఆమె ఒక్కగానొక్క కుమార్తె వివాహానంతరం అమెరికాలోని డాలస్ నగరంలో స్థిరపడింది. మొదటి కాన్పునకు తల్లి దగ్గర ఉండాలని ఆమె కోరగా టిక్కెట్టు కొన్నారు, ప్రయాణ సన్నాహాలన్నీ చేశారు. తీరా వారం రోజులు ఉన్నదనగా అత్తయ్య మోకాళ్ళ నొప్పులని చెప్పి మానుకొన్నారు. కుమార్తె పల్లెత్తు మాట అనలేదు. పరాయి దేశంలో ఒంటరిగానే పురుడు పోసుకొన్నది. మనుమణ్ణి అత్తయ్య తొలిసారి ఎత్తుకొనేనాటికి వాడికి మూడేళ్ళు నిండాయి. వాడు కొత్తమనిషిని చూసినట్లు చూసి తల్లి చాటుకు వెళ్ళిపోయాడు.

2025లో కుమార్తెకు రెండవ కాన్పు సమయం వచ్చింది. ఆగస్టు నెలకు మళ్ళీ టిక్కెట్టు తీసికొన్నారు. ఇంతలో జూన్ 12న అహ్మదాబాదులో ఘోర విమాన ప్రమాదం జరిగింది. విమానంలోని 242 మందిలో ఒక్కరు మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. రోజుల తరబడి టీవీలో అవే దృశ్యాలు. ఒకనాటి రాత్రి అత్తయ్య నన్ను పిలిచి, "మోకాళ్ళకేమీ నొప్పి లేదు నాయనా, అప్పుడూ లేదు" అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆమెకు ఇన్నేళ్ళు పట్టింది. భయాన్ని జయించే మార్గంలో తొలి మెట్టు అదే. భయాన్ని మరొక పేరుతో దాచిపెట్టినంత కాలం దానికి మందు వేయడం సాధ్యం కాదు.

భయపెట్టే పనిని మానుకొన్న వెంటనే మనసుకు ఊరట కలుగుతుంది. ఆ ఊరటే భయానికి ఎరువు. 'మానుకొన్నాను గనుకనే బ్రతికాను' అని మనసు నమ్ముతుంది. మరుసటిసారి భయం మరింత ఏపుగా పెరుగుతుంది. పైగా మానుకోవడం వల్ల ఆపద తప్పుతుందన్న హామీ కూడా లేదు. 2001 సెప్టెంబరు 11 నాటి దాడుల అనంతరం అమెరికాలో అనేకులు విమానాలు మాని కార్లలో ప్రయాణించారు. తత్ఫలితంగా తరువాతి ఏడాది కాలంలో రహదారులపై సుమారు 1500 మంది అదనంగా మరణించి ఉంటారని జర్మనీకి చెందిన మనస్తత్వవేత్త గెర్డ్ గిగరెంజర్ అంచనా వేశారు. మన దేశంలో ఒక్క 2022లోనే రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది అసువులు బాశారు. అయినా బస్సు ఎక్కేటప్పుడు మనకు గుండె దడ రాదు. నిత్యం చూసే ఆపద చిన్నదిగా, ఎన్నడో జరిగేది పెద్దదిగా తోచడం మనసు చేసే గారడి. విమానాలకు ప్రమాదాలు జరగవని కాదు. జరుగుతాయి, కుటుంబాలకు తీరని శోకాన్ని మిగుల్చుతాయి. కాని అవి అరుదు కనుకనే అంత పెద్ద వార్తలవుతున్నాయి.

అయితే ఈ లెక్కలు విన్నంత మాత్రాన అత్తయ్య భయం తీరలేదు. "లక్షల సంగతి నాకెందుకు నాయనా, నేనెక్కే విమానం సంగతి చెప్పు" అన్నారామె. అప్పుడు ఆమె సందేహాలను ఒక్కొక్కటిగా అడగమన్నాను.

మొదటి సందేహం, ఇంజన్లు ఆగిపోతే విమానం రాయిలా పడిపోతుందేమోనన్నది. అలా పడదు. ఎత్తు నుండి గాలిపై జారుతూ వంద కిలోమీటర్లకు పైగా పోగలదు. 2001 ఆగస్టు 24న అట్లాంటిక్ మహాసముద్రంపై ఇంధనం అయిపోయి రెండు ఇంజన్లూ ఆగిన ఒక విమానం సుమారు 19 నిమిషాలు అలాగే జారుతూ వచ్చి అజోర్స్ దీవులలో దిగింది. అందులోని 306 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

రెండవ సందేహం, కుదుపులకు రెక్కలు విరిగిపోతాయేమోనన్నది. ఎదురుకాగల గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు రెక్కలు తట్టుకోవాలన్నది నిర్మాణ నియమం. 1995లో బోయింగ్ 777 రెక్కను కావాలని వంచి పరీక్షించగా అది 154 శాతం భారం వద్ద గాని విరగలేదు. కుదుపుల వల్ల గాయపడేవారిలో అధికులు సీటు బెల్టు పెట్టుకోనివారే. కనుక కూర్చున్నంతసేపు బెల్టు బిగించి ఉంచుకోవడం మంచిది. రెక్కల దగ్గరి సీట్లలో ఊపు కొంత తక్కువగా తెలుస్తుంది.

మూడవది వింత శబ్దాల సంగతి. విమానం లేచిన కొద్దిసేపటికి కింద నుండి ధన్‌మని వినిపించే శబ్దం చక్రాలు లోపలికి ముడుచుకొన్న చప్పుడు. ఆ తరువాత ఇంజను హోరు తగ్గితే అది ఆగిపోతున్నదని కాదు. పైకి లేవడానికి కావలసినంత బలం ఇక అవసరం లేదని అర్థం. చెవులు మూసుకుపోయినట్లయితే చప్పరించే బిళ్ళ ఒకటి నోట వేసికొని గుటకలు వేస్తే సరిపోతుంది. ముందుగా తెలిసిన శబ్దం బెదిరించదు.

తెలిసికొనడం ఒక ఎత్తు, అలవరచుకొనడం మరొక ఎత్తు. ఈత గురించి ఎంత చదివినా నీటిలో దిగనిదే ఈత రాదు. అందుచేత పెద్ద ప్రయాణానికి నెల ముందు అత్తయ్యను గన్నవరం నుండి శంషాబాదుకు విమానంలో తీసికొని వెళ్ళాను. అది గంటకు అటూ ఇటూగా సాగే ప్రయాణం. దానికి ముందు పదిహేను రోజులు ఆమె ఉదయం, సాయంత్రం నిదానంగా శ్వాస పీల్చి, పీల్చినదానికంటె ఎక్కువసేపు వదలడం సాధన చేశారు. భయవేళ శ్వాస వేగం పెరుగుతుంది. నిశ్వాసను దీర్ఘం చేస్తే గుండె వేగం క్రమంగా నెమ్మదిస్తుంది. ప్రమాద దృశ్యాలను పదే పదే చూడటం మానివేశారు. విమానం ఎక్కగానే తనకు ఇదే మొదటిసారి అని, భయంగా ఉన్నదని పరిచారికకు దాచకుండా చెప్పారు. ఆ అమ్మాయి రెండుసార్లు వచ్చి పలకరించింది.

విమానం లేచినప్పుడు అత్తయ్య నా చేతిని గట్టిగా పట్టుకొన్నారు. మేఘాలలో ప్రవేశించగానే అది కొంతసేపు ఊగింది. నేను ధైర్యం చెప్పబోయేలోగా ఆమే, "ఇది పడవ ఊపే కదూ! ఏరు పొంగినప్పుడు ఇంతకంటె ఎక్కువే ఊగేది" అన్నారు. నేను ఎన్ని గ్రంథాలు తిరగవేసినా దొరకని ఉపమానం అది. నీటికి అలలున్నట్లే గాలికీ అలలుంటాయి. పడవ అలల మీద ఊగుతూనే ఒడ్డు చేరుతుంది. తన జీవితంలో ఎప్పుడో గెలిచిన భయాన్ని గుర్తు చేసికొని ఆమె ఈ కొత్త భయాన్ని కొలుచుకొన్నారు.

అందరికీ ఇంతటితో చాలకపోవచ్చు. భయం తీవ్రమై ఊపిరాడని స్థితి కలిగేవారు మానసిక వైద్యులను సంప్రదించాలి. భయపడే విషయాన్ని మెట్టు మెట్టుగా పరిచయం చేసే చికిత్సా పద్ధతులు సత్ఫలితాలను ఇస్తున్నాయి. ఇతరులకు రాసిన నిద్రమాత్రలు మింగడం, మద్యంతో ధైర్యం తెచ్చుకోవాలని చూడటం హానికరం.

ఆగస్టులో అత్తయ్య డాలస్ చేరారు. కాన్పు సమయానికి కుమార్తె చెంతనే ఉన్నారు. మనుమరాలిని పుట్టిననాడే ఎత్తుకొన్నారు. ఫోనులో, "భయం వేయలేదా అత్తయ్యా?" అని అడిగాను. "వేసింది నాయనా. వేస్తుండగానే చేరిపోయాను" అన్నారు.

విద్యార్థులారా! ధైర్యమంటే భయం లేకపోవడం కాదని ఈ మాట వల్ల తెలుస్తున్నది. భయం పూర్తిగా పోయిన తరువాత బయలుదేరుదామనుకొనేవాడు ఎన్నటికీ బయలుదేరడు. పరీక్ష కావచ్చు, సభలో ప్రసంగం కావచ్చు, తొలిసారి ఇల్లు విడిచి హాస్టలులో చేరడం కావచ్చు. మన భయాన్ని దాచక ఒప్పుకొని, దాని నిజానిజాలు తెలిసికొని, చిన్న మెట్టుతో ప్రారంభిస్తే పెద్ద దూరాలు సైతం దాటగలం.

కఠిన పదాలకు అర్థాలు

జంకు = వెనుదీయు, బెదరు
పల్లెత్తు మాట = చిన్న నిందావాక్యం
ఊరట = ఉపశమనం
ఏపుగా = బలంగా, దట్టంగా
అసువులు బాయు = మరణించు
గారడి = కనికట్టు
నిశ్వాస = బయటకు విడిచే ఊపిరి
ఉపమానం = పోలిక

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మేనత్తగారు విమానయాన భయాన్ని అధిగమించిన తీరును వివరించండి.
2. భయపెట్టే పనిని మానుకోవడం వల్ల భయం ఎందుకు పెరుగుతుందో పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. రైట్ సోదరుల తొలి విమాన ప్రయాణాన్ని గురించి రాయండి.
2. ఇంజన్లు ఆగినా విమానం రాయిలా పడదనడానికి రచయిత చూపిన ఉదాహరణ ఏది?
3. ప్రయాణానికి ముందు శ్వాస సాధన వల్ల ప్రయోజనమేమిటి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. "మోకాళ్ళకేమీ నొప్పి లేదు నాయనా, అప్పుడూ లేదు."
2. "ఇది పడవ ఊపే కదూ!"
3. "వేస్తుండగానే చేరిపోయాను."