సముద్రతీరమున మకాము: ముందు జాగ్రత్తలు

చదువవలసిన భాగములు: లూకా 2:41–46, అపొ. కార్యములు 28:1–6, ద్వితీయోపదేశకాండము 23:12–13



సంక్రాంతి సెలవులలో యౌవనస్థులను, సండే స్కూలు పిల్లలను ముత్తుకూరు ప్రాంతపు సముద్రతీరమునకు తీసికొనిపోయి, రెండు దినములు గుడారములలో ఉంచి వాక్యము నేర్పవలెనని తలంచు సంఘములకు ఈ పాఠము ఉపయోగపడును.

మకాము మనకు క్రొత్త కాదు. 1876–78 నాటి కరవులో ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న జనులకు పని చూపి, వారితో మకాము వేసిరి. ఆ కాలువయే మన తీరము వెంబడి పోవుచున్నది.

“దేవుడే చూచుకొనును” అని ఏ ఏర్పాటును చేయక బయలుదేరుట విశ్వాసము కాదు. దేవాలయ శిఖరము నుండి దూకుమన్నప్పుడు ప్రభువు దూకలేదు గదా! తల్లి తన బిడ్డను మన చేతికి అప్పగించినప్పుడు, ఆ బిడ్డను క్షేమముగా తిరిగి అప్పగించుట మన బాధ్యత.

1. కాలము, చోటు: మన నెల్లూరు తీరమునకు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వానలు, తుపానులు వచ్చును. ఏప్రిల్, మే నెలలలో వడగాడ్పు. కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలలు అనుకూలము. అప్పుడైనను వాతావరణ సమాచారము విని బయలుదేరవలెను. కృష్ణపట్నము రేవులో ప్రమాద సూచిక ఎగురవేసినచో ప్రయాణము మానవలెను. రేవు, విద్యుత్కేంద్రముల హద్దులలో దిగరాదు. గ్రామ పెద్దలకును పోలీసు ఠాణాకును ముందుగా తెలుపవలెను. గుడారము అలల గుర్తుకు చాల పైన ఉండవలెను. ఇసుకలో మేకులు నిలువవు గనుక, ఇసుక నింపిన గోనెసంచులకు త్రాళ్లు కట్టి పాతిపెట్టుడి. ఉరుము వినబడగానే పక్కా ఇంటిలోనికి పోవలెను; ఒంటరి తాటిచెట్టు క్రింద నిలువరాదు.

2. నీరు: తీరమున తరచుగా ఉప్పునీరే తగులును. త్రాగుటకే మనిషికి దినమునకు మూడు నాలుగు లీటర్లు ఊరినుండి తీసికొనిపోవలెను. అనుమానమున్న నీటిని తెర్లకాచి చల్లార్చి త్రాగవలెను. విరేచనములు పట్టినచో, కాచిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుచు వైద్యునియొద్దకు చేర్చవలెను. చెంచా అనగా టీ చెంచా, తలకొట్టి కొలువవలెను.

3. శుభ్రత: పాళెము వెలుపల గుంట త్రవ్వి మలమును కప్పవలెనని మోషే ఆజ్ఞాపించెను. నేటి ఆరోగ్యశాస్త్రమును అదే చెప్పుచున్నది. మరుగుదొడ్డి నీటి బావికి కనీసము 30 మీటర్ల దూరమున ఉండవలెను. ఇసుక నేలలో నీరు పైననే ఉండును గనుక గుంట లోతుగా త్రవ్వరాదు. స్త్రీలకు ప్రత్యేకముగా చాటు, దీపము ఏర్పాటు చేయవలెను.

4. నిప్పు, పాము: మెలితే ద్వీపమున పౌలు పుల్లల మోపు ఎత్తి నిప్పుల మీద వేయగా సర్పము బయటికి వచ్చెను. కట్టెలు ఏరునప్పుడు కఱ్ఱతో కదిలించి ఎత్తుడి. రాత్రి దీపము లేక నడువకుడి. పాము కరచినచో కోయరాదు, త్రాడు బిగించి కట్టరాదు, నాటు మందుకై తడవు చేయరాదు. కరచిన అవయవమును కదలనీయక, 108కి కబురు చేసి, విషమునకు విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చవలెను. సరుగుడు తోటలో ఎండుటాకులు త్వరగా అంటుకొనును; అక్కడ పొయ్యి పెట్టరాదు. గుడారము లోపల కుంపటి ఉంచుకొని నిద్రించుట ప్రాణాపాయము.

5. సముద్రము: ఏరు సముద్రములో కలియు మొగ దగ్గర ఎవరును దిగరాదు. మిగిలిన చోట్ల పిల్లలు మోకాలి లోతు దాటరాదు. ఈత వచ్చిన పెద్దలు ఇద్దరు గట్టున కాపుండవలెను. లోనికి లాగు ప్రవాహములో చిక్కినవాడు ఒడ్డుకు ఎదురీదక, తీరమువెంబడి ప్రక్కకు ఈది బయటపడవలెను. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీని మన తీరము మరువలేదు. భూమి కంపించినను, సముద్రము అకస్మాత్తుగా వెనుకకు పోయినను, చూచుచు నిలువక ఎత్తైన చోటికి పరుగెత్తవలెను. జనవరి మొదలు మార్చి వరకు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు ఒడ్డుకు వచ్చును. వాటిని ముట్టరాదు, దీపములతో బెదరగొట్టరాదు. అవి చట్టముచేత రక్షింపబడినవి.

6. లెక్క: యేసు గుంపులో ఉన్నాడని తలంచి మరియ యోసేపులు ఒక దిన ప్రయాణము సాగిపోయిరి, మూడు దినములకు గాని ఆయన కనబడలేదు. అంత శ్రద్ధగల తలిదండ్రులకే అట్లు జరిగెను. “ఉన్నాడులే” అను మాటను నమ్మరాదు. పదిమంది పిల్లలకు ఒక పెద్ద ఉండి, లేచినప్పుడు, స్నానమునకు ముందు, తరువాత, పండుకొనునప్పుడు పేరు పేరున పిలిచి చూడవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు
1. మన సంఘములో ఈత వచ్చినవారు ఎవరు?
2. పాముకాటు మందు దొరకు ఆసుపత్రి మనకు ఎంత దూరము?
3. పిల్లల పేర్ల పట్టిక ఎవరి చేతిలో ఉండవలెను?

ఈ మూటికి జవాబు దొరికిన తరువాతనే బయలుదేరు తేదీని నిర్ణయించుడి.