ఆకాశవాణి - ఎవ్వరి వాణి?

కృష్ణా గోదావరీ మండలములలో కాలువలకు లాకులు, తూములు గలవు. తూము తలుపు ఎవ్వరి చేత నున్నదో, నీరు వారి యిచ్ఛ ననుసరించి పొలములకు పాఱును. కాలువ త్రవ్వించుట యెంత ముఖ్యమో, తూమునకు కావలి యెవ్వరను ప్రశ్నయు నంత ముఖ్యము. రేడియో, టెలివిజనుల విషయమునను ఇట్టి ప్రశ్నయే పుట్టినది. శబ్దమును మోసికొనిపోవు విద్యుదయస్కాంత తరంగములు కంటి కగపడవు; కాని ప్రసారమునకు పనికివచ్చునవి యపరిమితములు కావు. ఒకే ప్రాంతమున రెండు కేంద్రములు ఒకే తరంగదైర్ఘ్యముపై ప్రసారము చేసినచో రెండును కలగాపులగమై, ఏదియు స్పష్టముగా వినబడదు. కావున ఎవ్వరికి ఏది చెందునో యొకరు పంచి యీయవలెను. పంచువా రెవ్వరు? పొందువా రెవ్వరు? భారతదేశ ప్రసార చరిత్రమున ఈ ప్రశ్నలకు కాలక్రమమున పలువిధములైన సమాధానములు లభించినవి.

మొదట ఔత్సాహికులు పూనుకొనిరి. 1924వ సంవత్సరమున మద్రాసులో సి. వి. కృష్ణస్వామి శెట్టిగారును, వారి మిత్రులును ఒక రేడియో క్లబ్బును స్థాపించి, ఆ యేడు జూలై 31వ తేదీన ప్రసారములు ప్రారంభించిరి. వారికి ఉత్సాహము మెండు, ధనము కొఱత. 1927లో ఆ క్లబ్బు మూతపడెను. తరువాత 1930లో మద్రాసు నగరపాలక సంస్థ తానే ప్రసారములను చేపట్టెను.

పిమ్మట వర్తకులు ముందునకు వచ్చిరి. 'ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ' యను ప్రైవేటు సంస్థ 1927 జూలై 23న బొంబాయిలోను, ఆగస్టు 26న కలకత్తాలోను కేంద్రములను నెలకొల్పెను. బొంబాయి కేంద్రమును నాటి వైస్రాయి లార్డ్ ఇర్విన్ ప్రారంభించెను. రేడియో యున్నవారు ఏడాదికి 10 రూపాయలు లైసెన్సు రుసుము చెల్లింపవలెను. అందలి భాగమే కంపెనీకి ముఖ్యమైన రాబడి. కాని రేడియో యంత్రము వెల సామాన్యున కందునది కాదు. రెండున్నర సంవత్సరములు గడచినను లైసెన్సుల సంఖ్య 8 వేలకు చేరలేదు. శ్రోతలు పెరిగిన గాని ధనము రాదు. ధనము లేక మంచి కార్యక్రమములు రావు. అవి లేనిదే శ్రోతలు పెరుగరు. ఈ చిక్కులో పడి 1930 మార్చిలో కంపెనీ మూతపడెను.

1930 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వమే ఆ కేంద్రములను నడుప సాగెను. మఱుసటి యేడు నష్టమునకు వెఱచి మూసివేయ నిశ్చయించెను గాని, ప్రజలు, రేడియో వర్తకులు ఆందోళన చేయగా ఆ నిశ్చయమును విరమించుకొనెను. 1936 జూన్ 8న ఈ సంస్థకు 'ఆల్ ఇండియా రేడియో' యను పేరు వచ్చెను. సంస్థానములలోను కేంద్రములు వెలసినవి. 1935లో హైదరాబాదున నిజాము పాలనలో ప్రసారములు మొదలయ్యెను. ఆ సంవత్సరమే మైసూరులో ఆచార్య ఎం. వి. గోపాలస్వామిగారు సొంత పూనికతో నొక కేంద్రమును నెలకొల్పి, దానికి 'ఆకాశవాణి' యని పేరిడిరి. ఒక పండితుని యింట పుట్టిన ఆ నామమే పిదప దేశ మంతటికిని నామమైనది.

స్వాతంత్ర్యము వచ్చునాటికి భారతదేశమున ఆల్ ఇండియా రేడియో కేంద్రములు ఆఱు మాత్రమే యుండెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసెను. 1950 ఏప్రిల్‌లో హైదరాబాదు కేంద్రము జాతీయ సంస్థలో చేరెను. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో టెలివిజను ప్రసారములు ప్రయోగాత్మకముగా ఆరంభమయ్యెను. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము ఉపగ్రహ సహాయమున ఆంధ్రప్రదేశముతో కూడ ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు వ్యవసాయము, ఆరోగ్యము, విద్య మున్నగు విషయములపై కార్యక్రమములు చేరెను. లాభము నాశించు వర్తకుడు ఇట్టి పని చేయబూనునా? ప్రభుత్వ స్వామ్యమునకు గల గొప్ప గుణ మిది.

కాని ఆ స్వామ్యమునకే యొక దోషము గలదు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. అప్పుడు రేడియో పాలకుల మాటనే పలికినది. ప్రతిపక్షముల మాట శ్రోతల చెవి సోకుట యరుదయ్యెను. తూము కావలివాడే నీటికి యజమాని యని తలచిన స్థితి యది. అందుచే 1977లో బి. జి. వర్గీసుగారి యధ్యక్షతన ఏర్పడిన సంఘము, ప్రసార సంస్థకు స్వతంత్ర ప్రతిపత్తి కావలెనని మఱుసటి యేట సిఫారసు చేసెను. 1990లో 'ప్రసార భారతి' చట్టమును పార్లమెంటు ఆమోదించెను. అది 1997లో గాని అమలునకు రాలేదు. ఈ నడుమ, 1995 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము, ప్రసార తరంగములు ప్రజల యాస్తి యనియు, వాని వినియోగము ప్రజల మేలుకొఱకు నియమింపబడవలె ననియు తీర్పు చెప్పెను. ఆ తరంగములపై ప్రభుత్వమునకు గాని, ధనవంతులకు గాని గుత్తాధిపత్యము తగదని ఆ తీర్పు సారము. అయినను చట్టము చేసినంతమాత్రమున స్వేచ్ఛ సంపూర్ణము కాదు. ప్రసార భారతి నేటికిని ధనముకొఱకు చాలవఱకు ప్రభుత్వముపై నాధారపడియున్నది.

నేడు ప్రైవేటు రేడియోలు, టెలివిజనులు పెక్కు గలవు. 2001లో బెంగుళూరున తొలి ప్రైవేటు ఎఫ్. ఎం. కేంద్రము ప్రారంభమయ్యెను. వీనివలన కార్యక్రమములలో వైవిధ్యము పెరిగినది. కాని వీని కాహారము ప్రకటనలు. ప్రకటన లిచ్చువాడు వస్తువులు కొనగలవారి నుద్దేశించును గాని, కొనలేని పేదల నుద్దేశింపడు. ఈ లోపమును తీర్చుటకు మఱియొక మార్గము తెఱచుకొన్నది. 2006లో ప్రభుత్వము లాభాపేక్ష లేని ప్రజాసంస్థలకును రేడియో నడుపు ననుమతి నొసగెను. 2008 అక్టోబరు 15న జహీరాబాదు ప్రాంతమందలి మాచునూరు గ్రామమున 'సంఘం రేడియో' ఆరంభమయ్యెను. దానిని నడుపువారు దళిత స్త్రీలు. జొన్నలు, కొఱ్ఱలు, విత్తనముల దాపు, పల్లె పాటలు వారి ప్రసారములందు చోటు చేసికొన్నవి. అంతవఱకు వినుటయే యెఱిగిన పల్లె, తానును పలుకగలనని నిరూపించినది.

ఔత్సాహికునకు ఉత్సాహము గలదు, ధనము లేదు. వర్తకునకు ధనము గలదు, లాభదృష్టి వీడదు. ప్రభుత్వమునకు శక్తి గలదు, అధికారదృష్టి వీడదు. ఏ యొక్కరి చేతనే తలుపు ఉన్నను ఏదో యొక చేను ఎండును. కావున పలువురకు పాలు దక్కుట, న్యాయస్థానమును చట్టమును కాపుండుట యవసరము. వీని యన్నిటికంటె మిన్న, వినువారి వివేకము. ఒక వార్త చెవిని పడినపుడు, దానిని పలికించుచున్న వా రెవ్వరో, వారికి ధన మెచ్చటినుండి వచ్చుచున్నదో విచారింప నేర్చిన శ్రోతయే ఆకాశవాణికి నిజమైన కావలివాడు.