మోగని శ్రుతిదండం

మీ బడి ప్రయోగశాలలో అనునాద ప్రయోగానికి వాడే పెట్టె ఒకటి ఉంటుంది. అందులోని శ్రుతిదండాలలో 512 అని అంకె వేసిన దాన్ని ఎప్పుడైనా చేతిలోకి తీసుకొన్నారా? రబ్బరు దిమ్మె మీద కొడితే అది సెకనుకు 512 సార్లు కంపిస్తుంది. చెవి వైద్యుని బల్ల మీద ఉండేదీ ఇదే.

కొన్నేళ్ల కిందట ధ్వని పాఠం చెబుతూ, ఆ దండాన్ని బెంచీకొకసారి కొట్టి పిల్లల చేతికి ఇచ్చాను. చివరి బెంచీలో కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చే కుర్రవాడొకడు ఉండేవాడు. మూడుసార్లు పిలిస్తే గాని తలెత్తేవాడు కాదు. మొండివాడనుకొని రెండుసార్లు నిలబెట్టాను కూడా. ఆ రోజు పక్కవాడు విని, దండాన్ని వాడికి అందించాడు. వాడు కుడిచెవి దగ్గర పెట్టుకొని, "ఇది మోగట్లేదు మాస్టారూ" అన్నాడు. నేను దగ్గరకు వెళ్లి విన్నాను. సన్నగా మోగుతూనే ఉంది. తిరిగి కొట్టకుండా ఆ దండం కాడనే వాడి చెవి వెనుక గట్టిగా ఉండే ఎముకకు ఆనించాను. వాడు కళ్లు పెద్దవి చేసి, "ఇప్పుడు మోగుతోందండీ!" అన్నాడు.

ఆ తర్వాత పాఠం సరిగా చెప్పలేకపోయాను. వాడిని నిలబెట్టిన రోజులే గుర్తుకు వచ్చాయి.

ఇంతకూ ఆ దండం ఏం చెప్పింది? శబ్దం లోపలికి పోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది గాలి దారి. శబ్దతరంగాలు కర్ణభేరిని కదిలిస్తాయి. ఆ కదలికను కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకలు లోపలి చెవిలోని కర్ణావర్తానికి అందిస్తాయి. నత్తగుల్లలా చుట్టుకొని ఉండే ఈ కర్ణావర్తంలో ద్రవం, అందులో సున్నితమైన రోమకణాలు ఉంటాయి. కంపనాన్ని నాడీ సంకేతంగా మార్చేవి ఆ కణాలే. రెండవది ఎముక దారి. పుర్రె ఎముక కంపిస్తే కర్ణభేరితో పని లేకుండానే కంపనం నేరుగా కర్ణావర్తానికి చేరుతుంది.

ఆరోగ్యంగా ఉన్న చెవికి గాలి దారే మేలైనది. ఎముక మీద మోత ఆగిపోయిన దండాన్ని చెవి ముందు పెడితే ఇంకా కొంతసేపు వినబడుతుంది. ఇందుకు విరుద్ధంగా ఎముక మీదనే బాగా వినబడితే, లోపలి యంత్రం పనిచేస్తున్నదనీ, అడ్డంకి బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నదనీ అర్థం. జర్మనీ వైద్యుడు అడాల్ఫ్ రిన్నె ఈ పరీక్షను 1855లో వివరించాడు. నేను ఆ వేళ తరగతిలో తెలియకుండానే చేసింది ఇదే.

దీనికి తోడుగా వెబర్ పరీక్ష ఉంది. దండం కాడను నుదుటి నడిమిన ఆనించి, మోత ఏ వైపు వినబడుతున్నదో అడుగుతారు. దీనికి దండం కూడా అక్కరలేదు. ఒక చెవిని వేలితో మూసుకొని నోరు మూసి "మ్..." అనండి. మూసిన చెవిలోనే మోత ఎక్కువ! మధ్య చెవిలో అడ్డంకి ఉన్నవారికీ అంతే, జబ్బు ఉన్న వైపే మోత పెద్దది. నాడియో కర్ణావర్తమో దెబ్బతింటే మంచి చెవి వైపు వినబడుతుంది.

లోపం ఎంత ఉందో దండం చెప్పలేదు. అందుకు ఆడియోమీటరు కావాలి. నిశ్శబ్దంగా ఉండే గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెడతారు. 250, 500, 1000, 2000, 4000, 8000 హెర్ట్జ్ స్వరాలను ఒక్కొక్కటిగా తగ్గించుకొంటూ వినిపిస్తారు. వినబడినప్పుడు మీట నొక్కాలి. ప్రతి స్వరానికీ వినబడిన అతి చిన్న మోతను గ్రాఫు మీద గుర్తిస్తారు. కుడిచెవికి ఎర్ర సున్నా, ఎడమచెవికి నీలం గుణకారపు గుర్తు. ఈ గ్రాఫు మీ లెక్కల పుస్తకంలోని దానిలా ఉండదు. కిందికి పోయేకొద్దీ డెసిబెల్‌లు పెరుగుతాయి. అంటే గీత కిందికి దిగిందంటే వినికిడి తగ్గిందన్నమాట. సున్నా డెసిబెల్ అంటే నిశ్శబ్దం కాదు సుమా! ఆరోగ్యవంతులైన యువకులు సగటున వినగలిగే అతి చిన్న మోతకు పెట్టిన గుర్తు అది.

తర్వాత చెవి వెనుక చిన్న కంపన సాధనం పెట్టి, ఎముక దారికి ఇదే పరీక్ష చేస్తారు. రెండు గీతలకూ మధ్య ఎడం ఉంటే లోపం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నట్టు. మా కుర్రవాడికి గాలి గీత 40 దాటి దిగింది. ఎముక గీత పైనే ఉంది.

గ్రాఫు ఆకారమే ఒక్కోసారి మనిషి కథ చెబుతుంది. తాడేపల్లిగూడెం రైసుమిల్లులోనో, మరో యంత్రం పక్కనో ఏళ్ల తరబడి పనిచేసిన వ్యక్తిని ఊహించుకోండి. రోజుకు 8 గంటలు 85 డెసిబెల్‌లకు మించిన మోతలో ఉంటే రోమకణాలు నశిస్తాయి. చచ్చిన రోమకణం మనకు మళ్లీ మొలవదు. అలాంటి వారి గీత ముందు బాగానే సాగి, 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడ్డట్టు దిగుతుంది. వారికి మాట వినబడుతుంది గాని తేట పడదు. పప్పు, కప్పు, తప్పు ఒకటే అనిపిస్తాయి. ఎందుకంటే ఆ మాటలను వేరు చేసే హల్లులలో చాలా భాగం హెచ్చు పౌనఃపున్యపు శబ్దమే. "వినబడీ విననట్టు నటిస్తాడు" అని ఇంట్లోవాళ్లు విసుక్కొనేది ఇలాంటి వారినే.

మీట నొక్కలేని పసిబిడ్డ సంగతి ఏమిటి? 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ ఒక వింత కనిపెట్టాడు. ఆరోగ్యమైన చెవిలోకి చిటుక్కుమనే శబ్దం పంపితే, కర్ణావర్తం తానే ఒక సన్నని శబ్దాన్ని తిరిగి బయటికి పంపుతుంది! చెవిలో చిన్న మైక్రోఫోను పెట్టి దానిని పట్టుకొంటారు. బిడ్డ నిద్రపోతున్నా పరీక్ష ఆగదు. నాడి మీదుగా మెదడు కాండానికి పోయే సంకేతాలను తలకు అంటించిన తీగలతో కొలిచే బెరా పరీక్ష ఇంకొకటి. పుట్టు చెవుడును మొదటి నెలల్లోనే పట్టుకొంటే బిడ్డకు మాటలు నేర్పే వయసు చేజారదు.

ఇక మా కుర్రవాడి రెండో సంగతి. ఏలూరులో చెవి వైద్యుడు పరీక్షిస్తూ, "కాలువలో మునిగితే ఏమవుతుంది?" అని అడిగాడు. "కళ్లు తిరుగుతాయండీ, గట్టు ఎటుందో తెలీదు" అన్నాడు వాడు. తాటి దోనె మీద నిలబడి గెడ వేసే తండ్రికి పుట్టి నీళ్లంటే భయమేమిటని ఊళ్లో ఎగతాళి చేసేవారట. అది భయం కాదు. వాడి కుడి కర్ణభేరికి పెద్ద చిల్లు ఉంది.

చిల్లుకూ కళ్లు తిరగడానికీ సంబంధం తెలియాలంటే, కర్ణావర్తాన్ని ఆనుకొని ఉన్న మూడు అర్ధవర్తుల కుల్యలను తలచుకోవాలి. తల తిరిగినప్పుడు వాటిలోని ద్రవం వెనుకబడుతుంది. ఆ వార్త అందుకొని మెదడు వెంటనే కళ్లను ఎదురు వైపు తిప్పుతుంది. ఈ పత్రికను అటూ ఇటూ వేగంగా ఊపుతూ చదవండి, అక్షరాలు చెదిరిపోతాయి. పత్రికను కదపకుండా తలను అంతే వేగంగా ఊపండి, చదవగలరు! ఆ మేలు చేసేది మీ కుల్యలే.

అందుకే వైద్యుడు కుల్యలను చూడలేకపోయినా కళ్లను చూస్తాడు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం పోయే రైలులో కిటికీ పక్కన కూర్చున్నవారి కళ్లను గమనించండి. భీమడోలు దాటేలోగానే తెలుస్తుంది. స్తంభం వెంట మెల్లగా జరిగి, చటుక్కున వెనక్కు గెంతి మరో స్తంభాన్ని పట్టుకొంటాయి. లోపలి చెవి తప్పుడు వార్త పంపినప్పుడు, ఎదుట ఏమీ కదలకపోయినా కనుగుడ్లు ఇలాగే జరిగి గెంతుతాయి. దీనినే నిస్టాగ్మస్ అంటారు.

వియన్నాలో రాబర్ట్ బారనీ రోగుల చెవులను పిచికారీ నీటితో కడిగేవాడు. నీరు చల్లగా ఉంటే వారికి కళ్లు తిరిగేవి. సరే, వేడినీళ్లు వాడితే మళ్లీ తిరిగేవి, కాని కనుగుడ్లు ఎదురు వైపు గెంతేవి! మీ భౌతికశాస్త్రంలోని సంవహనమే కారణమని ఆయన గ్రహించాడు. చల్లబడిన ద్రవం బరువెక్కి దిగుతుంది, వేడెక్కినది తేలుతుంది. తల కదలకుండానే కుల్యలో ప్రవాహం పుడుతుంది. ఈ కృషికి ఆయనకు 1914 నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వార్త అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ! స్వీడన్ రాజకుమారుడు కార్ల్ చొరవతో 1916లో విడుదలయ్యాడు. 1983లో స్పేస్‌ల్యాబ్ వ్యోమనౌకలో, బరువే తెలియని చోట ఈ పరీక్ష చేస్తే అక్కడా కళ్లు గెంతాయి. కనుక సంవహనం ఒక్కటే కారణం కాదు. నోబెల్ వచ్చిన వివరణకూ ఇలా సవరణలు పడుతుంటాయి.

నేటికీ ఈ పరీక్ష చేస్తారు. రోగిని పడుకోబెట్టి, తలను 30 డిగ్రీలు ఎత్తి, ఒక్కొక్క చెవిలో 30, 44 డిగ్రీల సెల్సియస్ నీరు పోస్తారు. అంటే శరీర ఉష్ణోగ్రత 37కు అటు ఏడు, ఇటు ఏడు. ఏ చెవి స్పందన తక్కువో కళ్లు చెబుతాయి. కర్ణభేరికి చిల్లు ఉంటే మాత్రం నీరు పోయరాదు, బదులు గాలి వాడతారు. మా కుర్రవాడికి కాలువే ఈ పరీక్షను రోజూ చేస్తూ వచ్చింది! చల్లని నీరు చిల్లులోంచి నేరుగా మధ్య చెవిలోకి పోయేది.

పెద్దవారిలో ఎక్కువగా కనబడేది ఇంకొకటి. పక్క మీద ఇటు నుంచి అటు దొర్లగానే ఇల్లు గిర్రున తిరుగుతుంది. లోపలి చెవిలో కాల్షియం కార్బొనేట్ పలుకులు ఉంటాయి. గుల్లసున్నం కాల్చే గుల్లలదీ అదే పదార్థం. అవి చోటు తప్పి కుల్యలో పడితే ఇలా అవుతుంది. రోగి తలను ఒక పక్కకు తిప్పి చటుక్కున పడుకోబెట్టి కళ్లను చూసే పద్ధతిని 1952లో డిక్స్, హాల్‌పైక్ వివరించారు. తలను వరుసగా కొన్ని భంగిమల్లో తిప్పితే చాలామందికి పలుకులు స్వస్థానం చేరుతాయి. ఇంత తేలికగా కుదిరే జబ్బు మరొకటి నేను వినలేదు.

కళ్లు తిరగడమంతా చెవి జబ్బే అనుకోరాదు. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛ, తలతిరుగుడు, వాంతులతో ఆసుపత్రి చేరారు. వారి రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. పురుగుమందుల అవశేషాలనూ నిపుణులు అనుమానించారు. మూర్ఛ వచ్చినా, మాట తడబడినా, కాలూ చెయ్యీ పడిపోయినా ఆడియోమీటరు కోసం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మా కుర్రవాడికి చెవి పైనున్న కండరపు పలుచని పొర తీసి కర్ణభేరికి అతుకు వేశారు. చిన్నప్పటి నుంచి చెవి చీము కారుతుంటే ఇంట్లో ఆకు పసరు, కాచిన నూనె పోసేవారట. ఆ రెండూ పోయవద్దని, స్నానానికి ముందు వ్యాజిలీను రాసిన దూది చెవిలో పెట్టుకోవాలని వైద్యుడు చెప్పి పంపాడు. కొన్ని నెలల తర్వాత తీసిన గ్రాఫును వాడు బడికి తెచ్చాడు. గాలి గీత ఎముక గీత దగ్గరకు వచ్చింది. రెండింటి మధ్య ఇంకా ఎంత ఎడం మిగిలిందో స్కేలు పెట్టి లెక్కించమని నల్లబల్ల దగ్గరకు పిలిచాను. ఒక్కసారే పిలిచాను.