పగటి ఉయ్యాలకూ దోమతెర కట్టండి

వాగు పక్క ఊళ్లలో జ్వరాలు మొదలవగానే నింద ముందు వాగు మీదికే పోతుంది. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని ముంచెత్తడం, 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు ఊళ్ల మీద పడటం చూసినవాళ్లకు నీళ్లంటేనే భయం ఉంటుంది. అయితే ఉరికే వాగులో దోమ పిల్లలు నిలవలేవు. వాగు తీసినాక ఒడ్డున మిగిలే మడుగులు, ఇసుక తోడిన గుంతలు, బురదలో బర్రెల గిట్టలు దిగిన చోట్లు మలేరియా దోమకు అనువైనవి. వాటిని పూడ్చమని, పాడుబడ్డ బావిలో దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదలమని గ్రామపంచాయతీని అడగండి. పదిమంది కలిసి అడిగితే పని త్వరగా అవుతుంది.

డెంగీ దోమ మాత్రం మన ఇంటి మనిషిలాగే వాకిట్లోనే బతుకుతుంది. సాధారణంగా నాలుగు వందల మీటర్లకు మించి ఎగరదు. దానికి తేట నీళ్లు కావాలి, అవీ కొంచెం చాలు. మూలకు పడేసిన పాత రోలు, కోళ్లకు నీళ్లు పోసే చిప్ప, కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, ఇంటి మీది టైరు. జనగామ వంటి మెట్ట ప్రాంతంలో నీళ్లు పట్టి దాచుకోవడం పాత అలవాటు. అందులో తప్పేమీ లేదు, గోలేనికి మూత ఉంటే చాలు. మూత దొరక్కపోతే పలచటి బట్ట బిగించి కట్టండి.

నీళ్లు పారబోస్తే పని అయిపోయిందనుకోకండి. ఈ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, గోలెం గోడకు అతికిస్తుంది. అవి ఎండిపోయి కూడా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలినప్పుడు పిల్లలవుతాయి. అందుకే కొబ్బరి పీచుతో లోపలి గోడలు గట్టిగా రుద్ది కడగాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికొకసారి తప్పనిసరి. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఈ లెక్క ప్రకారమే.

ఈ పనిలో పిల్లల్ని వెంటబెట్టుకోండి. గోలెంలోకి టార్చి వేసి చూపండి. సన్నటి పురుగులు తోక పైకి పెట్టి, తల కిందికి వేలాడుతూ కనిపిస్తాయి. అంచు మీద ఒక్క దెబ్బ కొడితే మెలికలు తిరుగుతూ అడుగుకు పోతాయి, ఊపిరి కోసం మళ్లీ పైకొస్తాయి. ఒకసారి చూసిన పిల్లలు ఆ తర్వాత బడిలోని నీళ్ల ట్యాంకుకు మూత ఉందో లేదో కూడా చూస్తారు.

మనం ఎక్కువగా మరిచేది పగటి నిద్ర. రాత్రి అందరికీ దోమతెర కడతాం. చంటిపాప మాత్రం పొద్దున స్నానమయ్యాక ఉయ్యాలలో తెర లేకుండా పడుకుంటుంది. డెంగీ దోమ కుట్టేది పగలే, పొద్దున, సందె వేళకు ముందు మరీ ఎక్కువ. ఉయ్యాలకు తెర వేయండి. బడికి పోయే పిల్లలకు నిండు చేతుల చొక్కా తొడగండి. మూసిన గదిలో పసిపిల్లల దగ్గర కాయిల్ వెలిగించడం, వేపాకు పొగ వేయడం వద్దు, ఆ పొగ వాళ్ల ఊపిరికి పడదు.

ఇంత చేసినా జ్వరం రావచ్చు, మిమ్మల్ని మీరు నిందించుకోకండి. బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వండి. నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేయకండి, సూది మందు కోసం పట్టుబట్టకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్త పరీక్ష చేయించండి. డెంగీలో అసలు ప్రమాదం చాలాసార్లు జ్వరం తగ్గినాకే వస్తుంది. ఒళ్లు చల్లబడింది కదా అని ఊరుకోవద్దు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, మగతగా పడి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకుపోండి.