ప్రతినాయకుడి మీద జాలి కలిగితే

ప్రశ్న: ‘సెవెన్ డెడ్లీ సిన్స్’ మాంగా చదివాక నేనూ ఒక వీరుల కథ గీస్తున్నాను. నాకేమో ప్రతినాయకుడి మీదే జాలి కలుగుతోంది. కథ దెబ్బతింటుందా?
– ఒక విద్యార్థి, దోమకొండ

జవాబు: దెబ్బతినదు, బలపడుతుంది. నకాబా సుజుకీ 2012 నుంచి 2020 దాకా నడిపిన ఆ మాంగాలో గ్లాక్సీనియానే చూడండి. చెల్లెల్ని మనిషి చంపాడనుకొని, ఆ పగతో శత్రుపక్షంలో చేరిన రాజు. అతడు ఈటె ఎత్తినప్పుడల్లా ఆ దుఃఖం కూడా మనకు కనబడుతుంది.

మనకిది కొత్త కాదు. 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్ దుర్యోధనుణ్ని తలచుకోండి. అస్త్రవిద్యా ప్రదర్శనలో కులం అడిగి కర్ణుణ్ని అవమానిస్తే, అంగరాజ్యమిచ్చి నిలబెట్టింది ఆయనే. ద్రౌపదిని సభకు ఈడ్పించిందీ ఆయనే. రెండూ చూపించండి. జాలి కోసం నేరాన్ని కడిగేస్తే పాత్ర చచ్చిపోతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి.

ఇక పోరాటాలు. ఎవరు ఏం పోగొట్టుకుంటారో ముందే తేల్చుకోండి. తర్వాత మీ ఊరి కోటకు వెళ్లి బురుజును కింది నుంచి చూస్తూ నాలుగు బొమ్మలు వేయండి. పైనున్నవాడికి ఏం కనబడుతుందో, కిందివాడికి ఏం కనబడదో తెలిస్తే ఎత్తుగడలు వాటంతటవే పుడతాయి. కత్తి దిగిన ఫ్రేము కంటే, ఆ తర్వాత ఇద్దరి ముఖాలు చూపే ఫ్రేముకే పేజీలో ఎక్కువ చోటివ్వండి.